ఆఫత్తయ్య

మా మేనత్త చేతికి ఏ ఫోనైనా సరే, అర నిమిషం ఇచ్చి చూడండి. తిరిగి మీ చేతికి వచ్చేసరికి అందులో ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆఫ్ అయిపోయి ఉంటాయి. మీరు అడిగారా లేదా అన్నది ఆవిడకు పట్టదు. ఫోన్ మీదా, పక్కింటివాళ్లదా, దారిన పోయేవాళ్లదా అన్నది అసలే పట్టదు. కొందరికి ఎదుటివాళ్ల కాలరు మడత పడితే సరిచేసేదాకా తోచదు. మా అత్తయ్యకు సెట్టింగ్స్ సరిచేసేదాకా తోచదు. ఫోన్‌లో ఒక మీట, యాప్‌ల దుకాణంలో ఒక మీట, మొత్తం రెండు నొక్కాలి. ఆవిడ వేళ్లకు ఆ దారి ఎంత బాగా తెలుసంటే, పక్కవాళ్లతో వాతావరణం గురించి మాట్లాడుతూనే పని కానిచ్చేస్తుంది.

ఇంట్లో అందరం ఆవిడను ఆఫత్తయ్య అంటాం. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడ పలుకుతుంది కూడా.

మా తమ్ముడికి పట్టా వచ్చిన రోజు ఇంటిల్లిపాదీ కాలేజీ మెట్ల మీద నిలబడ్డాం. పద్నాలుగు మందిమి. అత్తయ్య పొడగరి, చెయ్యి వణకదు, అందుకని ఫోటో తీసే పని ఆవిడకు అప్పగించాం. అక్కడే పొరపాటు చేశాం.

"నవ్వండి" అంది. నవ్వాం. కాసేపయింది. ఇంకా నవ్వుతూనే ఉన్నాం.

"అత్తయ్యా, తీశావా?"

"ఉండరా, ఇక్కడ ఇంకోటుంది. నువ్వు నిద్రపోయాక తనంతట తనే మారిపోతుందట. వైఫై ఉంటే చాలట. ఎంత పొగరు దీనికి!"

"ముందు ఫోటో తియ్యి!"

"తీస్తా, తీస్తా. మీరు నవ్వడం ఆపకండి."

ఆ ఫోటో ఇప్పటికీ హాల్లో గోడకుంది. పద్నాలుగు మందికీ ఒకేసారి పంటినొప్పి వచ్చినట్టుంటుంది.

పంటినొప్పి అంటే గుర్తొచ్చింది. ఒకసారి అత్తయ్య పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని పడుకుని ఉండగా, ఆయన జేబులో ఫోన్ టింగుమంది. ఆయన తీసి చూసి, "ఏదో అప్‌డేటు" అని గొణిగాడు. అత్తయ్య నోట్లో దూది ఉంది. అయినా చెయ్యి చాచింది. ఆయనకు ఏమనిపించిందో ఏమో, ఇచ్చేశాడు. ఆయన పన్ను పీకే లోపే ఆవిడ పని అయిపోయిందని నర్సు చెప్పింది.

ఇంకోసారి స్కూటర్ మీద ఎర్ర దీపం దాటేసింది. కానిస్టేబుల్ ఆపాడు. నంబరు ప్లేటు ఫోటో తియ్యడానికి ఫోన్ తెరిచాడు. అది తెరుచుకోవడానికి నానా తంటాలూ పడుతోంది.

"ఈమధ్యే ఇలా అయిందా బాబూ?" అంది అత్తయ్య సానుభూతిగా.

"అవునమ్మా. మొన్న పొద్దున లేచేసరికి ఏదో అప్‌డేట్ అయిపోయి ఉంది."

"నిన్ను అడిగిందా?"

కానిస్టేబుల్ ఆలోచనలో పడ్డాడు. ఆ ఉద్యోగంలో ప్రశ్నలు వేయడమే గాని, ఇలాంటి ప్రశ్న తనకు ఎదురవడం అదే మొదటిసారి.

"లేదమ్మా."

"ఇటివ్వు."

చట్టప్రకారం రాయాల్సింది రాశాడు, అందులో మొహమాటపడలేదు. కానీ మర్నాడు ఇద్దరు తోటి కానిస్టేబుళ్లను వెంటబెట్టుకుని షాపుకు వచ్చాడు. ముగ్గురి చేతుల్లోనూ ఫోన్లు.

షాపంటే కళ్లజోళ్ల షాపు. రెండు పెద్ద బట్టల దుకాణాల మధ్య ఇరుక్కున్న సన్నటి గది. ముగ్గురు లోపలికి వస్తే ఒకరు కుర్చీలో కూర్చోవాలి, లేకపోతే తలుపు పడదు. మూడు గోడలకూ ఫ్రేములు, నాలుగో గోడకు అక్షరాల పట్టిక. అత్తయ్య అక్కడ ముప్పై ఏళ్లుగా చూపు పరీక్ష చేస్తోంది. దగ్గరి చూపు కోసం అచ్చేసిన కార్డు ఒకటి సొరుగులో ఉంటుంది గాని, ఆవిడ దాని మొహం చూడదు. "రోజంతా నువ్వు చదివేది కార్డా, ఫోనా? ఫోన్ తియ్యి, చదువు" అంటుంది. కళ్లకు పరీక్ష అద్దాలు, ఫోన్ అత్తయ్య చేతిలో. ఇక మీట సంగతి చెప్పక్కర్లేదు.

మామయ్య గ్రంథాలయంలో పనిచేస్తాడు. నెమ్మదైన మనిషి. ఒకసారి ఆయనకు కూడా కొత్తదనం మీద మోజు పుట్టి, ఆవిడకు తెలియకుండా తన ఫోన్ అప్‌డేట్ చేసుకున్నాడు. రెండు రోజులు ఎవరికీ తెలియలేదు. మూడో రోజు భోజనం దగ్గర అత్తయ్య చూపు ఆయన ఫోన్ మీద ఆగింది. నేనూ అక్కడే ఉన్నాను.

"ఆ కెమెరా బొమ్మ గుండ్రంగా ఉందేం?"

"ఎప్పుడూ గుండ్రమేగా."

"మొన్నటిదాకా పలకలా ఉండేది."

మామయ్య నీళ్లు తాగాడు. గ్లాసు ఖాళీ అయ్యాక కూడా తాగాడు.

"ఎన్నాళ్లుగా సాగుతోంది ఇది?" అంది అత్తయ్య.

"ఒక్కసారే. చెయ్యి తగిలింది, పొరపాటున."

"పొరపాటున చెయ్యి తగిలితే ఒకసారి తగులుతుంది. 'అన్నీ చదివాను, ఒప్పుకుంటున్నాను' అని కూడా చెయ్యే తగిలిందా మీకు?"

ఆ రాత్రి ఆయన పుస్తకం చదువుకుంటూ హాల్లోనే పడుకున్నాడు. ఎవరూ చెప్పలేదు, మర్యాదగా ఆయనే.

ఇక నా సంగతి. ఇలాంటి అత్తయ్యకు మేనకోడలిగా పుట్టి నేను ఎంచుకున్న ఉద్యోగం ఏమిటంటే, అప్‌డేట్లు పంపడం. ఊళ్లో సగం మంది బస్సెక్కేటప్పుడు తలుపు దగ్గర ఫోన్‌లో పాస్ చూపిస్తారు కదా, ఆ యాప్ తయారుచేసే తొమ్మిది మందిలో నేనొకదాన్ని. నెలనెలా మేం కొత్తది వదులుతాం. అందులో ఏముందో రెండు ముక్కల్లో రాసేది నేనే. అత్తయ్యకు ఆ సంగతి తెలిసిన రోజు నన్ను షాపులో కూర్చోబెట్టి అడిగింది.

"'చిన్న చిన్న మెరుగులు' అని రాసింది నువ్వేనా?"

"నేనే."

"ఏం మెరుగులు?"

"చిన్నవి అత్తయ్యా."

"చిన్నవైతే పేరు చెప్పడానికి నోరు రాదేం?"

నేను అప్పుడు నా అస్త్రం తీశాను. ఫోన్లలోకి దొంగలు ఎలా దూరతారో, అప్‌డేట్లు ఎందుకు కావాలో ఇరవై నిమిషాలు వివరించాను. అంతా శ్రద్ధగా వింది. కళ్లజోడు తుడుచుకుంది.

"తాళం మార్చమ్మా, నేను కాదన్నానా? మంచి తాళం వెయ్యి. కానీ మీరేం చేస్తున్నారు? తాళం మారుస్తామని లోపలికి వచ్చి, మంచం తీసుకెళ్లి వంటింట్లో వేసి పోతున్నారు."

ఆఫీసులో చెప్పడానికి ఈ మాట రాసుకున్నాను గాని, చెప్పడానికి ధైర్యం చాలలేదు.

అలా ఉండగా మా ఆఫీసులో పెద్ద నిర్ణయం జరిగింది. ఫలానా సోమవారం పొద్దున ఆరింటి నుంచి పాత యాప్ పనిచేయదు. కొత్తది వేసుకోనివాళ్లకు పాస్ తెరుచుకోదు. నెల రోజుల ముందే అత్తయ్య దగ్గరికి వెళ్లి చెప్పాను. యుద్ధానికి సిద్ధపడే వెళ్లాను. విచిత్రంగా ఆవిడ ఒక్క మాట కూడా ఎదురు చెప్పలేదు.

"ఏ సోమవారం? ఎన్నింటికి?" అంది. చెప్పాను. "పాస్ బొమ్మ ఇప్పుడు కింద ఉంది. ఎక్కడికి పోతోంది? గీసి చూపించు." కళ్లజోడు కవరు వెనక గీసి చూపించాను. ఆ కవరు తీసుకుని సొరుగులో పెట్టింది.

శత్రువు దళాలు ఎటు కదులుతున్నాయో తెలుసుకుంటోంది కాబోలు అనుకున్నాను.

గడువు ఇంక రెండు రోజులుందనగా, శనివారం నాకు గుబులు పట్టుకుంది. ముప్పై ఏళ్లుగా షాపుకు వస్తున్నవాళ్లందరి ఫోన్లలోనూ ఆవిడ మీటలు ఆపేసి ఉంచింది. సోమవారం వీళ్లంతా బస్సు మెట్ల మీద నిలబడిపోతారు. ఈసారి గట్టిగా మాట్లాడాల్సిందే అనుకుని మధ్యాహ్నం షాపుకు వెళ్లాను. తాళం వేసి ఉంది. తలుపుకు అట్ట ముక్క: 'కొలతలకు వెళ్లాను. ఐదింటికి వస్తాను.' కళ్లజోళ్ల కొలతలకు ఇళ్లకు వెళ్లడమేమిటి? మామయ్యకు ఫోన్ చేశాను.

"మూడు వారాలుగా మధ్యాహ్నాలు ఇంతేనమ్మా" అన్నాడు. "బస్సు డిపో వెనక పేము కుర్చీలు అల్లే ఆవిడ ఉంటుంది చూడు, ఇవాళ అక్కడికే అనుకుంటా. నేను అడగలేదు. కెమెరా బొమ్మ గొడవ అయినప్పటి నుంచి నేను ప్రశ్నలు తగ్గించాను."

డిపో వెనక వీధిలో మూడో ఇల్లు. తలుపు తెరిచే ఉంది. గది నిండా సగం అల్లిన కుర్చీలు, నేల మీద తడి పేము చుట్టలు. వాటి మధ్య పీట మీద అత్తయ్య, ఎదురుగా అల్లికావిడ. అరవై దాటి ఉంటాయి. ఆవిడ చేతిలో ఫోన్. కానీ ఆవిడ ఫోన్ వైపు చూడడం లేదు. తల పక్కకు తిప్పి, కిటికీని చూస్తున్నట్టుగా కూర్చుంది.

"ఇదివరకు బొటనవేలు ఊరికే కిందికి వాలితే చాలు, పాస్ దొరికేది కదా" అంటోంది అత్తయ్య. "ఇప్పుడు అది పైకెక్కి కూర్చుంది. పై అంచు తడిమి, అక్కణ్నుంచి ఒక వేలెడు కిందికి దిగు."

"ఇక్కడా డాక్టరమ్మా?"

"కాదు. మళ్లీ."

"ఇక్కడా?"

"దగ్గరికి వచ్చావు. మళ్లీ."

మా అత్తయ్యకు ఓపిక లేదని ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. లిఫ్టు రావడం ఆలస్యమైతే లిఫ్టును తిట్టే మనిషి. ఆ మనిషి నేను గుమ్మంలో నిలబడి ఉండగానే తొమ్మిదిసార్లు 'మళ్లీ' అంది. ఒక్కసారి కూడా గొంతు పెరగలేదు. పదోసారి టింగుమంది.

ఫోన్‌లో ఉన్నది మా కొత్త యాప్.

అప్పుడు చూసింది నన్ను. దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు మొహం పెట్టింది. "నువ్వెందుకొచ్చావే?" అని విసుక్కుని, అల్లికావిడ దగ్గర సెలవు తీసుకుని, నన్ను రెక్క పట్టుకుని వీధిలోకి నడిపించింది.

"నువ్వే అప్‌డేట్ చేశావా?" అన్నాను.

"నేను చెయ్యకపోతే ఎవరు చేస్తారు? ఆ ఫోనే చేసుకుంటుందా, అర్ధరాత్రి?"

నడుస్తూ చెప్పింది. అల్లికావిడకు నడిమధ్య చూపు పోయింది, అంచుల్లో మాత్రం మిగిలింది. ఎదురుగా ఉన్నది కనిపించదు, పక్కనున్నది మసకగా కనిపిస్తుంది. ఫోన్ వాడేది చూసి కాదు, ఏ బొమ్మ ఎక్కడుందో వేలికి గుర్తు. రెండేళ్ల కిందట ఒక రోజు పొద్దున బస్సెక్కి, ఎప్పుడూ నొక్కే చోటే నొక్కింది. పాస్ రాలేదు, ఇంకేదో వచ్చింది. మళ్లీ నొక్కింది. వెనక జనం తోసుకుంటున్నారు. కండక్టర్ దిగమన్నాడు. అందరి ముందూ దిగిపోయింది. అక్కణ్నుంచి తడుముకుంటూ నడిచి షాపుకు వచ్చింది.

"వచ్చి ఏమందో తెలుసా? 'డాక్టరమ్మా, మిగిలిన కాస్త చూపూ పోయింది' అంది. మొన్న ఉన్నది ఇవాళ కనిపించకపోతే, తన కళ్లే పోయాయనుకుంది. గంట సేపు పరీక్ష చేశాను. వెంట్రుకవాసి కూడా తేడా లేదు. కళ్లు ఎక్కడున్నాయో అక్కడే ఉన్నాయి. కదిలింది మీ యాపు."

ఆ నెల అప్‌డేటుకు నేను ఏం రాశానో నాకు గుర్తుంది. చిన్న చిన్న మెరుగులు.

అత్తయ్య సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి నా చేతిలో పెట్టింది. నలభై మూడు పేజీలు నిండి ఉన్నాయి. ఒక్కో పేజీకి ఒక్కో మనిషి. ఏ కంటిలో ఎంత చూపు, ఫోన్‌లో ఏ బొమ్మ ఎక్కడ, ఏ వేలితో నొక్కుతారు, ఇంటికి ఎప్పుడు వెళ్తే ఖాళీగా ఉంటారు. ప్రతి అప్‌డేటుకూ కింద ఒక తేదీ, ఎన్నిసార్లకు వచ్చిందో అంకె. ఈ చివరి అప్‌డేటు ఇంకా కొందరికి మిగిలింది గాని, అంతకుముందువి ఎవరి ఫోన్‌లోనూ ఆగిపోలేదు. ఆవిడ అప్‌డేట్లు ఆపింది తను వచ్చి పక్కన కూర్చునేదాకానే.

"బానే ఉంది అత్తయ్యా. మరి ఆ కానిస్టేబుల్‌కి ఏం రోగం? పళ్ల డాక్టర్‌కి? మా పద్నాలుగు మందికి?"

అత్తయ్య నన్ను అమాయకురాలిని చూసినట్టు చూసింది.

"నా కుర్చీలో కూర్చున్నవాళ్లకి ఎంత కనిపిస్తుందో నాకు తెలుసు. పక్కన కూర్చున్నవాళ్లకి తెలియక్కర్లేదు. ఒక్కళ్ల ఫోనే తీసుకున్నాననుకో, 'అయ్యో, ఈవిడకేమైంది?' అని అందరూ అటు చూస్తారు. అందరి ఫోన్లూ తీసుకుంటే, 'ఈ షాపావిడకేమైంది?' అని నన్ను చూస్తారు. చూడనీ. నాకేం పోయింది? చూపున్నవాళ్లు గడువు లోపు వాళ్లే వేసుకుంటారు." నాలుగడుగులు వేసి ఆగింది. "అదీగాక, చెప్పకుండా మారేదంటే నాకు ఒళ్లుమంట. ఆ మాటా నిజమే. పూర్తిగా మంచిదాన్ని చేసెయ్యకు నన్ను."

పుస్తకంలో కొత్త యాప్ నేర్పాల్సినవాళ్లు ఇంకా పద్నాలుగు మంది మిగిలారు. చేతిలో ఉన్నది ఆదివారం ఒక్కటే. చెరి ఏడుగురిని పంచుకున్నాం.

ఆ ఆదివారం నేను నేర్చుకున్నది ఉద్యోగంలో ఆరేళ్లలో కూడా నేర్చుకోలేదు. మొదటి ఇంట్లో, "ఇదిగో, ఇక్కడ నొక్కండి" అన్నాను. "ఎక్కడమ్మా?" అన్నాడు ఆయన. "ఇదిగో, ఈ నీలం బొమ్మ." "నీలం అన్నది నాకు కనిపించి ఎనిమిదేళ్లయింది తల్లీ" అన్నాడు నవ్వుతూ. అప్పటి నుంచి రంగులు మానేసి, అంచులతోనూ వేలెడు దూరాలతోనూ మాట్లాడడం మొదలుపెట్టాను. రెండో ఇంట్లో నలభై నిమిషాలు పట్టింది. ఐదో ఇంటికి వచ్చేసరికి పదిహేనే.

ఏడో ఇల్లు ఒక రిటైరైన బస్సు డ్రైవరుది. ఆయన తలుపే తియ్యలేదు.

"నాకే మార్పూ వద్దు. రేపటి నుంచి నడిచే పోతాను" అన్నాడు లోపల్నుంచి.

"ఎంత దూరమని నడుస్తారండీ?"

"నా ఇష్టం."

తలుపుతోనే మాట్లాడాను. "మీ పాత బస్సులో హారన్ ఎక్కడుండేదండీ?"

"కుడిచేతి కింద."

"మరి కొత్త బస్సు ఇచ్చాక?"

"ఎడమవైపుకి మార్చారు, దరిద్రులు."

"అలవాటు కావడానికి ఎన్నాళ్లు పట్టింది?"

"రెండు రోజులు. మొదటి రోజు హారననుకుని వైపర్ వేశాను. ఎండలో వైపర్ తిప్పుకుంటూ ఊరంతా తిరిగాను. పక్క బస్సువాళ్లు చేతులూపారు."

లోపల నవ్వు వినబడింది. నేనూ నవ్వాను. గడియ తీసిన చప్పుడైంది. చీకటి పడకముందే ఆయన వేలు దారి పట్టింది.

సోమవారం ఆరింటికల్లా ఆఫీసులో ఉన్నాను. ఫిర్యాదులు కుప్పలుగా వచ్చాయి, ఊరు పెద్దది కదా. ప్రతి మోతకూ పేరు చూసుకున్నాను. పొద్దెక్కేదాకా చూశాను. ఆ నలభై మూడు మందిలో ఒక్కరు కూడా లేరు.

మర్నాడు మీటింగులో లేచి నిలబడి, పాస్ బొమ్మ ఇక ముందు కదలకూడదు అన్నాను. ఏది మారినా ముందుగా అడగాలి, ఏం మారుతోందో పేరు పెట్టి చెప్పాలి అన్నాను. మా మేనేజరు మర్యాదగా, "దీనివల్ల ఇబ్బంది పడేవాళ్లు ఎంతమంది ఉంటారంటావు?" అన్నాడు. "నలభై మూడు మంది" అన్నాను. ఆయన చిన్నగా నవ్వాడు. "ఒక్క కళ్లజోళ్ల షాపులో" అన్నాను. నవ్వు ఆగింది. ఊళ్లో కళ్లజోళ్ల షాపులు ఎన్ని ఉన్నాయో ఆయన మనసులో లెక్క పెట్టుకోవడం మాకందరికీ కనిపించింది. ఆ బొమ్మ ఇప్పటిదాకా కదలలేదు.

నెల తర్వాత ఒక పొద్దున బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. డిపో స్టాపులో అల్లికావిడ ఎక్కింది. తల పక్కకు తిప్పి, వేలు పైకి పంపింది. టింగుమంది. కండక్టర్ తలూపాడు. రాణిలా నడిచి వచ్చి నా పక్కన కూర్చుంది. నేను పలకరిస్తే గొంతు గుర్తుపట్టింది.

"డాక్టరమ్మ మేనకోడలివి కదూ? ఒక మాట చెబుతా, ఆవిడతో అనకేం?"

"అనను, చెప్పండి."

"ఈ కొత్త బొమ్మ నాకు ఆవిడ నేర్పడం మొదలెట్టిన రెండో రోజే వచ్చేసింది."

నాకు అర్థం కాలేదు. "మరి నేను వచ్చిన రోజు? అన్నిసార్లు తప్పు నొక్కారుగా?"

"నొక్కానమ్మా, ఏం చెయ్యను!" అంది ఆవిడ, తల అవతలికి తిప్పి, కంటి అంచుల్లోంచి నన్ను చూస్తూ. "వచ్చిందని చెబితే ఆవిడ లేచి వెళ్లిపోతుందాయె. పాపం, రోజంతా ఆ ఇరుకు గదిలో నిలబడే మనిషి. మా ఇంట్లో అయితే కాస్త కూర్చుంటుంది, నాలుగు కబుర్లు చెబుతుంది. మా వీధిలో మేమంతా మాట్లాడుకున్నాం. ఎవరికీ మూడు రోజుల్లోపు రాకూడదని."

కండక్టర్ వెనక్కి తిరిగి చూశాడు. నా నవ్వు ఆగేసరికి మా ఆఫీసు రెండు స్టాపులు వెనకబడింది.